బ్రిడ్జ్‌లో జేబీ, నెక్‌లో 59: ఏళ్ల తరబడి వాడాక

ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కదలికని పట్టి యాంప్‌కి (యాంప్లిఫయర్‌కి) పంపే భాగాలే పికప్‌లు. సీమోర్ డంకన్ కంపెనీ జేబీ పికప్ బ్రిడ్జ్ (తీగలు గిటార్ ఒంటి మీద ఆనే చోటు) దగ్గర, అదే కంపెనీ 59 మోడల్ నెక్ (మెడ) దగ్గర. ఈ జత నా గిటార్‌లో ఏళ్లుగా ఉంది. 59ని మార్చాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. జేబీతో కుదురుకోవడానికి మాత్రం టైమ్ పట్టింది.

గిటార్‌తో వచ్చిన పాతవి సిరామిక్ అయస్కాంతాల హంబకర్లు (రెండు కాయిల్స్‌తో హమ్ శబ్దాన్ని తగ్గించే పికప్‌లు). గెయిన్ పెంచి పవర్ కార్డ్స్ వాయిస్తే బాగానే గర్జించేవి. కానీ కొంచెం ఓవర్‌డ్రైవ్ (శబ్దం కాస్త గరుకెక్కే సెట్టింగ్) పెట్టి మామూలు ఓపెన్ కార్డ్ మీటితే ఆరు తీగలూ ముద్దయిపోయేవి. నెక్ పికప్‌లో లావు తీగలు గుబగుబమనేవి. అందుకని నాకు కావాల్సినవి రెండే అనుకున్నాను: నెక్‌లో క్లీన్‌గా వాయిస్తే ప్రతి స్వరం విడిగా తెలియాలి, బ్రిడ్జ్‌లో సోలో వాయిస్తే సన్న తీగలు పీలగా వినిపించకూడదు. ఉత్త 'మంచి టోన్' కోసం వెతికేవాళ్లకి ఏ పికప్ కొన్నా అసంతృప్తే మిగులుతుంది. ఇప్పుడున్న శబ్దంలో ఏది నచ్చట్లేదో చెప్పగలిగితే సగం పని అయినట్టే.

59 గురించి ముందు. గిబ్సన్ గిటార్ కంపెనీలో సెత్ లవర్ రూపొందించిన హంబకర్‌కి 1955లో పేటెంట్ దరఖాస్తు పెట్టారు, 1959లో పేటెంట్ వచ్చింది. ఈలోగా అమ్మిన పికప్‌ల మీద 'పేటెంట్ అప్లైడ్ ఫర్' అని చిన్న స్టిక్కర్ ఉండేది, పీఏఎఫ్ అనే పేరు అలా వచ్చిందే. 59 ఆ బాటలో చేసిన పికప్. ఆల్నికో 5 (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రలోహం) అయస్కాంతం, కాయిల్ రెసిస్టెన్స్ దాదాపు ఏడున్నర కిలో ఓమ్‌లు. కాయిల్ చుట్లు తక్కువ కాబట్టి అవుట్‌పుట్ కూడా ఓ మోస్తరే. ఆ తక్కువే నాకు కలిసొచ్చింది. యాంప్‌ని తోసెయ్యదు, బాస్ బిగువుగా ఉంటుంది, వేళ్లతో మెల్లగా మీటినా గట్టిగా మీటినా తేడా స్పష్టంగా వినిపిస్తుంది. తీయటి, గుండ్రటి నెక్ టోన్ కోరుకునేవాళ్లకి ఇది కొంచెం కరుగ్గా అనిపించొచ్చు. వాళ్లు ఆల్నికో 2 అయస్కాంతం ఉన్న పికప్‌ల వైపు చూడటం మేలు.

జేబీ తీరు వేరు. దాదాపు 16 కిలో ఓమ్‌లు, అయస్కాంతం ఇక్కడ కూడా ఆల్నికో 5. పై మిడ్స్ (మధ్యస్థాయి స్వరాల్లో పైవి) ముందుకు దూకుతాయి. సోలోలో హై ఇ తీగ కూడా కండపట్టినట్టు పలుకుతుంది, డ్రమ్స్, బాస్ మధ్యలో కూడా దారి చేసుకుంటుంది. అదే గుణం నా గిటార్‌లో, 500కే (500 కిలో ఓమ్‌ల) వాల్యూమ్ పాట్‌తో (నాబ్ కింద ఉండే, తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం), క్లీన్ వాయించేటప్పుడు చెవికి గుచ్చుకునేది. చాలామంది జేబీకి 250కే పాట్ వాడటానికి కారణం ఇదే. నాబ్ పూర్తిగా తిప్పి ఉంచినా పాట్ విలువ పికప్ మీద భారంగానే ఉంటుంది. ఆ విలువ తగ్గేకొద్దీ పై ట్రెబుల్ శిఖరం అణుగుతుంది.

నా గిటార్‌లో వాల్యూమ్ నాబ్ ఒక్కటే. పాట్ మారిస్తే 59 కూడా మసకబారుతుంది. అందుకే పాట్‌ని అలాగే ఉంచి, సెలెక్టర్ స్విచ్‌కి (ఏ పికప్ మోగాలో ఎంచుకునేది) ముందు, జేబీ హాట్ వైరుకీ (సిగ్నల్ మోసేది) గ్రౌండుకీ మధ్య 470కే రెసిస్టర్ ఒకటి వేశాను. 500కేతో సమాంతరంగా కలిస్తే సుమారు 242కే. నెక్ ఒక్కటే వాడేటప్పుడు దాని ప్రభావం ఉండదు. చిల్లర భాగం, నాలుగు నిమిషాల సోల్డరింగ్. జేబీ నా దగ్గర నిలిచిందంటే దీనివల్లే. పికప్ నచ్చలేదని మార్చేసే ముందు ఇది చేసి చూడండి.

పికప్ ఎత్తు సంగతీ అంతే. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టి, తీగకీ పికప్‌కీ మధ్య దూరం కొలిస్తే బ్రిడ్జ్‌కి 1.6 మిల్లీమీటర్లు, నెక్‌కి 2.4 అని గిబ్సన్ తరహా కొలత. మొదలుపెట్టడానికి బావుంటుంది. నేను జేబీని లావు తీగల వైపు ఇంకాస్త దించాను. అవుట్‌పుట్ కొంచెం తగ్గింది, కార్డ్స్ విచ్చుకున్నాయి.

రెసిస్టెన్స్ అంకె చూసి పికప్ ఎంత 'హాట్' (అవుట్‌పుట్ ఎంత బలమైనది) అని తేల్చేయడం నాకు నచ్చదు. అన్నే చుట్లు 42 గేజ్ బదులు 43 గేజ్ సన్న తీగతో చుడితే చాలు, అంకె పెరిగిపోతుంది. పైగా రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కి 0.39 శాతం చొప్పున మారుతుంది. గది పది డిగ్రీలు వేడెక్కితే 8 కిలో ఓమ్‌ల పికప్ 8.3 చూపిస్తుంది. అయస్కాంతం, చుట్లు, తీగ మందం కలిపి చూస్తేనే ఆ అంకెకి అర్థం.

కొనేముందు బ్రిడ్జ్ దగ్గర తీగల మధ్య దూరం కొలుచుకోండి. ట్రెమొలో (తీగల బిగువు మార్చే కదిలే బ్రిడ్జ్) ఉన్న గిటార్లలో అటు చివర తీగ నుంచి ఇటు చివర తీగకి సుమారు 53 మిల్లీమీటర్లు ఉంటుంది, పాత గిబ్సన్ తరహా పికప్‌ల పోల్ పీసులు (ఒక్కో తీగ కింద ఉండే లోహపు ముక్కలు) చివర నుంచి చివరకి 50కి అటూఇటూగా ఉంటాయి. అందుకే జేబీ ట్రెమ్‌బకర్ అనే వెడల్పు రకంలోనూ దొరుకుతుంది.

రెండు కంపెనీల పికప్‌లు కలిపేవాళ్లు వైర్ల రంగుల విషయంలో జాగ్రత్తపడాలి. డంకన్‌లో నలుపు హాట్, మరో పికప్ కంపెనీ డిమార్జియోలో ఎరుపు హాట్. ఒకదాని ఫేజ్ (సిగ్నల్ దిశ) తిరగబడితే విడివిడిగా రెండూ బాగానే మోగుతాయి, స్విచ్ మధ్యలో పెట్టగానే శబ్దం పీలగా, ముక్కుతో పాడినట్టు వస్తుంది. అప్పుడు ఒక పికప్ హాట్, గ్రౌండ్ వైర్లు అటుదిటు చేస్తే సరిపోతుంది. కాకపోతే లోహపు కవర్‌కి కలిపిన బేర్ వైరు మాత్రం ఎప్పుడూ గ్రౌండుకే ఉండాలి. లేదంటే కవర్ మీద చెయ్యి పడ్డప్పుడల్లా యాంప్ బర్రుమంటుంది.