వియత్నాంలో డబ్బు ఎక్కడ మిగిలింది, ఎక్కడ చిల్లు పడింది

వియత్నాంలో పడక, తిండి చౌక అని సంబరపడి అన్ని ఊళ్లూ ప్లాన్‌లో పెట్టేసుకోకండి. జేబుకి చిల్లు పడేది తిరుగుడుకీ, ఎంట్రీ టికెట్లకీ. హనోయి నుంచి సైగాన్‌కి (ఇప్పటి పేరు హో చి మిన్ సిటీ) రైలు దారే 1,726 కిలోమీటర్లు, కొద్ది రోజుల సెలవులో ఆ చివర నుంచి ఈ చివరకి పరిగెడితే డబ్బుతో పాటు నిద్ర కూడా పోతుంది. నేను సైగాన్ వదిలేసి హనోయి, నిన్ బిన్, హ్యూ, హోయి ఆన్‌తో సరిపెట్టుకున్నాను. ఏమీ పోగొట్టుకున్నట్టు అనిపించలేదు.

ఈ-వీసా సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు, ప్రభుత్వ సైట్‌లో మనమే అప్లై చేసుకోవచ్చు, ఏజెంట్ అక్కర్లేదు. విజయవాడ నుంచి కోరమండల్‌లో కోల్‌కతా వెళ్లి అక్కడ హనోయి ఫ్లైట్ పట్టుకున్నాను. రైలు లేటైతే టెన్షన్ కాబట్టి ఒక రోజు ముందే చేరడం మంచిది. రూపాయికి సుమారు 300 డాంగ్‌లు, అంటే ధరలో రెండు సున్నాలు కొట్టేసి మూడుతో భాగిస్తే చాలు. 20 వేల నోటూ, 5 లక్షల నోటూ రెండూ నీలంగానే ఉంటాయి, చీకట్లో డబ్బులిచ్చేటప్పుడు సున్నాలు లెక్కపెట్టుకోండి.

హనోయి ఎయిర్‌పోర్ట్ నుంచి 86 నంబరు బస్సు ఉండగా టాక్సీ దండగ. ఓల్డ్ క్వార్టర్‌లో డార్మ్ బెడ్ ఐదారు వందల రూపాయల్లో దొరికింది, పరదా, ప్లగ్, లాకర్ అన్నీ ఉన్నాయి. కాకపోతే గదికి కిటికీ లేదు, పైగా శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా హోన్ కియెమ్ చెరువు చుట్టూ రోడ్లు మూసి జాతర చేస్తారు, ఆ మోతకి నిద్ర పట్టదు. వారం మధ్యలో వెళ్లండి.

బసల్లో నిన్ బిన్ హోమ్‌స్టేకే నా ఓటు. సైకిల్ ఉచితం, పొలాల గట్ల మీద ఎంత తిరిగినా అడిగేవాడు లేడు. చాంగ్ ఆన్‌లో పడవకి 2.5 లక్షల డాంగ్‌లు తీసుకున్నారు, గుహల కింద నుంచి తిప్పుతారు, పైసా వసూల్. ఒంటరిగా వెళ్తే మాత్రం పడవ నిండేదాకా ఆగాలి.

అక్కడి నుంచి హ్యూకి రాత్రి స్లీపర్ బస్సు ఎక్కాను. ఎక్కగానే చెప్పులు విప్పించి ప్లాస్టిక్ కవర్ చేతిలో పెడతారు, బెర్త్‌లో కాళ్లు చాపితే మోకాళ్లు ముడుచుకునే ఉంటాయి, తెల్లారకముందే ఊరి బయట దింపేసి ఇక మీ ఇష్టం అన్నారు. ఇంకో రెండు మూడు వందల రూపాయలు పెట్టి రైల్లో ఆరు బెర్తుల హార్డ్ స్లీపర్ తీసుకోవడమే నయం. హ్యూ నుంచి డా నాంగ్‌కైతే బస్సు మాటే ఎత్తకండి, పగటి రైల్లో ఎడమ వైపు సీటు పట్టండి, హాయ్ వాన్ కొండల దగ్గర రైలు సముద్రం అంచునే పోతుంది, ఆ టికెట్ ధర మన టిఫిన్ ఖర్చుకి కాస్త ఎక్కువంతే.

హోయి ఆన్‌కి రైలు స్టేషన్ లేదు, డా నాంగ్‌లో దిగి ఓ ముప్పై కిలోమీటర్లు పోవాలి. పాత ఊళ్లో లాంతర్లు బాగుంటాయి కానీ అక్కడ ప్రతి కప్పు కాఫీకీ టూరిస్టు రేటే. బీచ్ దారిలో పొలాల వైపు గది చూసుకుంటే సగానికి సగం తగ్గుతుంది.

నేను వెనకాడకుండా ఖర్చు పెట్టింది హోయి ఆన్ దగ్గరి ‘మీ సన్’ పాత గుళ్లకే. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు కట్టిన ఇటుక శివాలయాలు, భద్రవర్మ అనే రాజు నాలుగో శతాబ్దంలో మొదలుపెట్టించాడు. 1969లో అమెరికా బాంబులకి చాలా కూలిపోయాయి, గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. కొన్ని గుళ్లని బాగుచేసింది మన పురావస్తు శాఖే, 2020లో ఆ పనుల్లోనే తొమ్మిదో శతాబ్దపు ఇసుకరాతి శివలింగం బయటపడింది. పొద్దున్నే వెళ్లండి, తొమ్మిది దాటితే బస్సుల జనం. డా నాంగ్ దగ్గర బా నా హిల్స్‌లో రెండు పెద్ద చేతులు మోస్తున్నట్టుండే వంతెనకి దీనికంటే ఎన్నో రెట్లు టికెట్, ఫొటో కోసమే అయితే నా వరకు వద్దు.

శాకాహారులు ‘కొమ్ చాయ్’ బోర్డు వెతుక్కోండి, అన్నం, టోఫు, కూరలు కలిపి నూటయాభై రూపాయల లోపే. మిగతా చోట్ల కూరగాయల్లో కూడా చేపల సాస్ పోసేస్తారు.

స్కూటర్ అద్దెకి ఎవరైనా ఇస్తారు, కానీ మన దగ్గర ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు ఒప్పందం ప్రకారం, వియత్నాం చేరింది 1968 దాంట్లో, కాబట్టి అక్కడ చెల్లదు. పడితే ఇన్సూరెన్స్ కూడా రాకపోవచ్చు. గ్రాబ్ యాప్‌లో బైక్ టాక్సీ పిలిచి ఎక్కేయండి.