జింప్ రొటేట్ కలర్స్: పట్టుచీరల ఫోటోల మీద మూడేళ్ల వాడకం తర్వాత

చెన్నై టి. నగర్ చీరల కొట్లకు కేటలాగు చేసేవాళ్లకి పని ఎప్పుడూ ఇదే: నేత ఒకటే, అంచు ఒకటే, రంగులు నాలుగు, ఫోటో మాత్రం ఒక్కటి. ఫోటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ జింప్‌లో కలర్స్ మెనూలోని మ్యాప్ కింద ఉండే రొటేట్ కలర్స్ అక్కడ అక్కరకొస్తుంది: రంగుల చక్రం మీద ఒక పరిధిలోని (సోర్స్) రంగుల్ని ఇంకో పరిధికి (డెస్టినేషన్) జరుపుతుంది. కాకపోతే సగం పని అది చేస్తే, మిగతా సగం మాస్క్ (మారకూడని చోటుని కప్పే ముసుగు) చెయ్యాలి.

దీని అసలు బలం నెమలికంఠం లాంటి రెండు రంగుల నేత మీద తెలుస్తుంది. ఒక్కో రంగునీ విడిగా మార్చే హ్యూ-శాచురేషన్ పరికరంలో సయాన్ (పచ్చ కలిసిన నీలం), బ్లూ విడివిడిగా జరపాలి, మధ్యలో అతుకు కనబడుతుంది. రొటేట్ కలర్స్‌లో సోర్స్ 160 నుంచి 240 డిగ్రీలు, డెస్టినేషన్ 270 నుంచి 350 అని ఇస్తే పచ్చ వంకాయరంగు వైపు, నీలం రాణీ రంగు వైపు కలిసే కదులుతాయి. రెండింటి వెడల్పూ 80 డిగ్రీలే కాబట్టి మెరుపులో ఆట చెడదు. డెస్టినేషన్‌ని 30కి కుదిస్తే నేత చచ్చిపోయి మామూలు గుడ్డ అవుతుంది. 140కి సాగదీస్తే రంగుల తేడా 1.75 రెట్లయి కెమెరా నాయిస్ మచ్చలుగా తేలుతుంది.

కొలత కళ్లతో వేయకండి. కలర్ పికర్‌తో షిఫ్ట్ పట్టి క్లిక్ చేసి, సమాచారం పెట్టెలో హెచ్‌ఎస్‌వీ (రంగు, గాఢత, వెలుగు) ఎంచుకుని, మడత వెలుగులో, నీడలో, కొంగు మీద హ్యూ (చక్రం మీద రంగు చోటు) అంకెలు రాసుకోండి. మెరూన్ సున్నాను దాటుతుంది: 340 నుంచి 15. అక్కడ చక్రం మీద గీత పొట్టి దారిన పోతోందో పొడుగు దారిన పోతోందో చూడాలి. దిశ తప్పితే 35 డిగ్రీలకు బదులు 325 డిగ్రీలు కదిలి మోడల్ ముఖం కూడా రంగు మారుతుంది.

పెద్ద లోపం, హద్దు దగ్గర మెత్తదనం లేకపోవడం. ఫోటోషాప్ హ్యూ-శాచురేషన్‌లో ప్రతి రంగుకీ అటూ ఇటూ 30 డిగ్రీల జారుడు ఉంటుంది, జింప్ హ్యూ-శాచురేషన్‌లో ఓవర్‌ల్యాప్ (పక్క రంగులోకి కలిసే భాగం) ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు. 159 పచ్చగానే ఉండిపోతుంది, 160 వంకాయరంగుకి దూకుతుంది, మడతల్లో చుక్కలు పడతాయి. అందుకే సోర్స్, డెస్టినేషన్ రెండింటినీ రెండు కొసలా పది డిగ్రీలు పెంచి, నకలు లేయర్ (ఫోటో కాపీ పొర) మీద నడిపి, చర్మం, జరీ మాస్క్‌తో దాచాలి. మాస్క్ అంచుకి రెండు మూడు పిక్సెళ్ల మెత్తదనం చాలు. పసుపు చీరైతే జరీ కూడా అదే పరిధిలో పడుతుంది, మాస్క్ చేత్తో గీయక తప్పదు.

గ్రే హ్యాండ్లింగ్‌ని (బూడిదకి దగ్గరగా ఉన్న రంగుల అమరిక) చాలామంది తాకరు. నీడల్లో రంగు పలచగా ఉండి హ్యూ అడ్డదిడ్డంగా ఉంటుంది. థ్రెషోల్డ్ (ఎంత పలచనైతే బూడిదగా లెక్కించాలో ఆ హద్దు) 0.05 పెట్టి, చేంజ్ టు దిస్ ఎంచి, శాచురేషన్ సున్నా చేస్తే చుక్కలు పోతాయి. 0.1 దాటితే మడతలు బూడిద పూసినట్టుంటాయి.

నీలాన్ని పసుపు చేస్తే చీర వెలిగిపోతుంది. హెచ్‌ఎస్‌వీలో వాల్యూ మారకపోయినా కంటికి పసుపే కాంతిగా తోస్తుంది. తర్వాత కర్వ్స్‌తో వెలుగు దించండి. వాట్సాప్‌లో వచ్చిన జేపెగ్ మీద ఈ పనికి దిగకండి: అందులో రంగు వివరం సగం కొలతలోనే నిల్వ ఉంటుంది, అంచు పళ్లు పళ్లుగా విరుగుతుంది. కెమెరా నేరుగా ఇచ్చే రా ఫైలు, 16 బిట్ ప్రెసిషన్ వాడండి.

2025లో వచ్చిన జింప్ 3.0లో దీన్ని ఫిల్టర్‌గా లేయర్ మీద ఉంచేసి తర్వాత అంకెలు మార్చుకోవచ్చు. కొట్టువాళ్లు మూడోసారి "ఇంకొంచెం ముదురు" అన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. తెల్లచీరకి మాత్రం ఇది వద్దు, మొత్తానికి ఒకే రంగు పూసే కలరైజ్ వాడండి.