టాలెండ్‌లో కమిట్ మన చేతిలో ఉంటే

ఒక డేటాబేస్ నుంచి ఇంకోదానికి డేటా మోసే పనులను (వీటినే జాబ్‌లు అంటారు) తయారుచేసుకునే టూల్ టాలెండ్ ఓపెన్ స్టూడియో. దాన్ని ఏళ్ల తరబడి వాడుతున్నాను. అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది టీడీబీకమిట్ అనే చిన్న కాంపోనెంట్. డేటాబేస్‌లో రాసింది ఖాయం చేయడాన్ని కమిట్ అంటారు, ఆ పని చేసేదే ఇది. రాత్రి లోడ్ పెట్టి, పొద్దున్నే రిపోర్టు కోసం ఫోన్లు ఎత్తేవాళ్లకు దాని విలువ బాగా తెలుస్తుంది.

మామూలుగా టేబుల్‌లోకి రాసే అవుట్‌పుట్ కాంపోనెంట్‌లో కమిట్ ఎవ్రీ అనే గడి ఉంటుంది. అందులో 10000 అని ముందే నింపి ఉంటుంది. పదివేల వరసలకోసారి రాసింది ఖాయమైపోతుంది. మధ్యలో జాబ్ పడిపోతే అప్పటిదాకా వెళ్లినవి టేబుల్‌లో ఉండిపోతాయి. సగం నిండిన టేబుల్ ఖాళీ టేబుల్ కన్నా ప్రమాదం, చూసేవాళ్లకు అది సగమేనని తెలియదు కదా. డేటాబేస్‌కు కనెక్షన్ తెరిచే టీడీబీకనెక్షన్ పెట్టి, రాసిన ప్రతిదాన్నీ వెంటనే ఖాయం చేసే ఆటో కమిట్ టిక్ లేకుండా చూసి, అవుట్‌పుట్‌లో ఆ కనెక్షన్‌నే వాడమంటే ఆ గడే కనపడదు. కమిట్ ఎక్కడ పడాలో ఇక మనమే పెట్టుకోవాలి.

మందుల హోల్‌సేల్ వాళ్ల బిల్లులు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి తెచ్చే జాబ్ ఒకటి చూస్తాను. అప్పట్లో ముందు టేబుల్ ట్రంకేట్ అయ్యేది, అంటే ఒక్కసారిగా ఖాళీ అయ్యేది, తర్వాత బిల్లులన్నీ కొత్తగా ఎక్కేవి. ఒక రాత్రి లక్షల వరసలు వెళ్లాక జాబ్ ఆగిపోయింది. ఎవరో బిల్లులో షాపు పేరు దగ్గర వీధి, ల్యాండ్‌మార్క్‌తో సహా అడ్రసంతా కొట్టేశారు. మా కాలమ్‌లో 50 అక్షరాలే పడతాయి. లాగ్‌లో 'వాల్యూ టూ లాంగ్' అని ఒక్క లైను.

పొద్దున సేల్స్ మేనేజర్ ఫోన్ చేశారు. "ఇవాళ్టి లెక్క ఇంకా రాలేదండీ, నిన్నటిదే చూపిస్తోంది."

ఆ మాటతో నా టెన్షన్ సగం దిగిపోయింది. నిన్నటిది ఉందంటే మొత్తం ఉన్నట్టే. ఎర్రర్ దారిలో పెట్టిన టీడీబీరోల్‌బ్యాక్ ఎక్కిన వరసల్ని వెనక్కి తీయడమే కాదు, ట్రంకేట్‌లో పోయిన పాత బిల్లుల్ని కూడా తిరిగి నిలబెట్టింది. మైఎస్‌క్యూఎల్‌లో, ఒరాకిల్‌లో ట్రంకేట్ అన్నామంటే దానంతటదే కమిట్ అయిపోతుంది, వెనక్కి రాదు. పోస్ట్‌గ్రెస్‌లో అదీ ట్రాన్సాక్షన్‌లో భాగమే, అంటే కమిట్ అయితే అన్నీ ఖాయమై, లేకపోతే అన్నీ రద్దయ్యే పనుల గుంపులో ఒకటి. చదివి తెలుసుకోవడం వేరు, ఆ పొద్దున కౌంట్ వేసి ఒక్క వరస కూడా తగ్గలేదని చూసుకోవడం వేరు. కాలమ్ వెడల్పు పెంచి జాబ్ మళ్లీ నడిపాను, శుభ్రం చేయాల్సిందేమీ లేదు.

అయితే ఆ ట్రంకేట్‌ను తర్వాత నేనే తీసేశాను. కమిట్ అయ్యేదాకా అది టేబుల్‌కు గట్టి తాళం వేస్తుంది. లోడ్ ఆలస్యమై తెల్లారితే రిపోర్టు తెరిచినవాళ్లకు స్క్రీన్ తిరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు క్లియర్ టేబుల్ పెట్టాను, అంటే మామూలు డిలీట్. లోడ్ నడుస్తున్నంతసేపూ చదివేవాళ్లకు పాతవి కనిపిస్తాయి. బదులుగా డిలీట్ అయినా చోటు ఖాళీ చేయని చచ్చిన వరసలు పోగుపడతాయి, వాటిని శుభ్రం చేసే వాక్యూమ్ సంగతి చూసుకోవాలి.

టీడీబీకమిట్‌లో క్లోజ్ కనెక్షన్ టిక్ ముందే పెట్టి ఉండటం మాత్రం నాకు నచ్చదు. బ్రాంచ్‌ల వారీగా లూప్‌లో కమిట్ చేస్తుంటే మొదటి బ్రాంచ్‌తోనే కనెక్షన్ మూసుకుపోతుంది, రెండోది ఎర్రర్‌తో ఆగుతుంది. టీడీబీకమిట్‌ను వరసల్ని ఒక్కొక్కటిగా పంపే రో మెయిన్ లింకుతో కలిపితే వరసకో కమిట్ పడుతుంది, అప్పుడు ఇదంతా చేసి లాభం లేదు. జాబ్‌లో ఆ భాగమంతా సరిగ్గా ముగిశాకే తర్వాతిదాన్ని నడిపే ఆన్ సబ్‌జాబ్ ఓకే లింకుతోనే కలపండి.

మాది రాత్రి లోడ్, లక్షల్లో వరసలు, టార్గెట్ పోస్ట్‌గ్రెస్. అందుకే ఒకే పెద్ద ట్రాన్సాక్షన్ మాకు సరిపోయింది. కోట్ల వరసలకు, పగలంతా రాతలు జరిగే టేబుల్‌కు ఇదే చేయమని చెప్పలేను. ఓపెన్ స్టూడియోను కూడా 2024 జనవరి 31తో ఆపేశారు. మా జాబ్‌లు ఎప్పుడో బిల్డ్ చేసి పెట్టుకున్న జార్‌లు (స్టూడియో లేకుండానే నడిచే జావా ఫైళ్లు) కాబట్టి నడుస్తున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వేరే టూల్ చూసుకోవడమే మంచిది, కానీ అందులో కమిట్ ఎక్కడ పడుతుందో మొదటి రోజే అడిగి తెలుసుకోండి.