పనస బాడీ, టేకు నెక్: ఇంట్లో చేసుకున్న బేస్ గిటార్ ఏళ్ల వాడకం తర్వాత

ఈ బేస్ చూసిన ప్రతివాళ్లూ మొదట అడిగేది "ఏం కర్ర?" అనే. పనస అనగానే సగం మంది "ఓహో, వీణ కర్ర! అందుకే ఆ నాదం" అని వాళ్లే తేల్చేస్తారు. ఏళ్ల తరబడి వారం వారం వాయించాక నాకు తేలింది వేరు. బాడీకి ఏ కర్ర వాడామన్నది ఈ వాయిద్యంలో అన్నిటికన్నా చిన్న సంగతి. దీని బాగోగులన్నీ ఎవరూ అడగని నెక్ (ఎడమచేత్తో పట్టుకునే సన్నటి కాడ) దగ్గర ఉన్నాయి. అందుకే ఈ సమీక్షలో సింహభాగం నెక్‌కే పోతుంది.

ముందు వివరాలు చెప్పేస్తాను. నాలుగు తీగల బేస్, 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు), 20 ఫ్రెట్లు (మెట్లు), ఒక స్ప్లిట్ కాయిల్ పికప్ (తీగ కదలికని పట్టే, రెండు ముక్కల అయస్కాంతపు భాగం), ఒక వాల్యూమ్, ఒక టోన్. బాడీ రెండు పనస చెక్కలు అతికించింది. నెక్ మూడు టేకు పట్టీలు, దాని మీద ఫ్రెట్లు దిగే పలక, రోజ్‌వుడ్ ఫింగర్ బోర్డు. నెక్ నాలుగు స్క్రూలతో బాడీకి బిగుస్తుంది. మొత్తం బరువు నాలుగున్నర కిలోల పైచిలుకు. నాది బ్యాంకు ఉద్యోగం, వడ్రంగం సెలవు రోజుల వ్యాపకం. వాయించేది ఆదివారాలు చర్చి క్వాయర్‌లో, డిసెంబర్ వస్తే దాదాపు రోజూ. చేసింది విశాఖలో. తర్వాత బదిలీ మీద నాతో పాటు అనంతపురం వచ్చింది. ఆ బదిలీ లేకపోతే ఇది రాయడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

పనస చెక్క విజయనగరం వైపు ఒక సా మిల్లులో దొరికింది. ఆ వైపు పనస అంటే వీణే గుర్తొస్తుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే దుంగను తొలిచి ఏకాండి వీణలు చేస్తారు. కానీ అక్కడ కర్ర చేసే పని వేరు. కుండ లోపల గుల్ల, పైపలక పలుచన, కర్రే మోగాలి. గుల్ల లేని బేస్‌లో మోగేది ఉక్కు తీగ, దాన్ని పట్టుకునేది అయస్కాంతపు పికప్. తీగల కింది కొసలు ఆనే బ్రిడ్జినీ, నెక్‌నీ కదలకుండా పట్టి ఉంచితే బాడీ పని దాదాపు అయిపోయినట్టే. లియో ఫెండర్ 1951లో కాలిఫోర్నియాలో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు యాష్ కర్ర వాడాడు, కొన్నేళ్లకి ఎక్కువగా ఆల్డర్‌కి మారాడు. రెండూ అతనికి సులువుగా దొరికిన కర్రలే. మనకి దొరికేవి పనస, మామిడి, వేప. బాగా ఆరిన కర్రైతే ఏదైనా ఒకటేనని నా అభిప్రాయం. కాదని వాదించేవాళ్లు చాలామందే ఉన్నారు, వాదించుకోనివ్వండి.

కర్రగా మాత్రం పనసకి మంచి మార్కులే వేస్తాను. ఉలికి లొంగుతుంది, గాడి కోసే మిషన్ (రౌటర్) పెడితే అంచులు పెళ్లలుగా లేవవు. బ్రిడ్జి స్క్రూలు ఇన్నేళ్లలో ఒక్కటీ వదులు కాలేదు. కొంచెం మెత్తన, అందుకని వెనకవైపు బెల్టు బకిల్ తగిలిన చోటల్లా చిన్న చిన్న నొక్కులు పడ్డాయి. మొన్న వాల్యూమ్ పాట్ గరగరలాడుతుంటే శుభ్రం చేద్దామని బాడీ ముందువైపు బిగించిన స్క్రాచ్ ప్లేటు విప్పాను. దాని కింద కర్ర కోసిన రోజునాటి పసుపు రంగులోనే ఉంది. వెలుతురు తగిలిన మిగతా బాడీ అంతా బెల్లం రంగుకి తిరిగింది. రెండిటి మధ్య ప్లేటు ఆకారంలో గీత గీసినట్టు అంచు. ఎప్పుడైనా ఆ ప్లేటు తీసేసి వాడదామనే ఆలోచన అంతటితో పోయింది.

ఇక నెక్. నాలుగు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు వాటి లాగుడు మొత్తం దాదాపు 80 కిలోలు ఉంటుంది. ఒక మనిషి బరువు, రాత్రీ పగలూ, అరచేతిలో ఇమిడేంత సన్నటి కర్ర మీద. ఫ్యాక్టరీ గిటార్లకి ఎక్కువగా మేపుల్ వాడతారు. అది మన టింబర్ డిపోల్లో అడిగినా దొరకదు. అందుకని పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే ద్వారబంధాల టేకు కొన్నాను. "కొత్త టేకు కొనకండి సార్, చేవ చూసి పాతదే తీసుకోండి" అన్నాడు మా వీధి మేస్త్రి. ఆయన మాట నిలబడింది. దశాబ్దాల పాటు గోడలో నిలబడిన కర్ర, వంగాల్సిందేదో అప్పుడే వంగేసింది.

దాన్ని మూడు పట్టీలుగా కోసి, చారలు నిలువుగా వచ్చేలా తిప్పి, మధ్య పట్టీని తలకిందులు చేసి అతికించాను. ఒకటి ఒకవైపు వంగబోతే పక్కది రెండోవైపు లాగుతుంది. టేకుతో చిక్కులు రెండు. కర్రలోనే ఉండే నూనె జిగురుని పట్టనివ్వదు. అతికించే ముఖాన్ని అప్పటికప్పుడు చిత్రిక పట్టి, అసిటోన్‌తో తుడిచి, అది ఆరిన వెంటనే ఎపాక్సీ పెట్టాలి. రేపు పెడదాంలే అనుకుంటే నూనె మళ్లీ పైకి వస్తుంది. రెండో చిక్కు కర్రలో ఉండే సిలికా. చిత్రిక బ్లేడు పదును చూస్తుండగానే పోతుంది, పని సగం సానరాయి మీదే జరుగుతుంది. కానీ ఆ అతుకులు ఈరోజుకీ ఎక్కడా విడలేదు. గోరుతో గీరి చూసినా ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకోటి మొదలైందో తెలియదు.

విశాఖలో ఉన్నన్నాళ్లూ నెక్ గురించి ఆలోచించే పనే పడలేదు. అక్కడ గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పట్టేవి, అంతే. అనంతపురంలో మొదటి ఎండాకాలానికే కథ మారింది. తీగలు ఫింగర్ బోర్డు నుంచి పైకి లేచాయి, మధ్య ఫ్రెట్ల దగ్గర నొక్కాలంటే వేళ్లు నొప్పి పుట్టేవి. దీనికి నా కొలత విజిటింగ్ కార్డు. తీగని మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, ఎనిమిదో ఫ్రెట్ మీద సందు చూస్తే ఒక కార్డు బిగుతుగా దూరాలి. అలాంటిది రెండు కార్డులు కలిపి పెట్టినా వదులుగా ఆడాయి. నెక్ లోపల ఉండి దాని వంపుని సరిచేసే కడ్డీ, ట్రస్ రాడ్‌కి అలెన్ కీ పెట్టి పావు చుట్టు తిప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున చూసి మరో పావు తిప్పాను. దారికొచ్చింది. "టేకు గట్టి కర్ర, దానికి ట్రస్ రాడ్ ఎందుకు?" అన్నవాళ్లు చేసేటప్పుడు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ల మాట విని ఉంటే ఈ బేస్ అనంతపురంలో గోడకి వేలాడేది.

ఆ ఎండాకాలమే ఇంకోటి బయటపడింది. ఫింగర్ బోర్డు కర్ర ఎండి కొంచెం కుంచించుకుపోతుంది, లోహపు ఫ్రెట్ కుంచించుకోదు. దాంతో ఫ్రెట్ కొసలు పక్కకి పొడుచుకొచ్చి, చెయ్యి పైకీ కిందకీ జరిపినప్పుడల్లా చూపుడువేలి మొదట్లో గీసుకునేవి. సన్నటి ఆకురాయితో ఒక్కొక్క కొసా గుండ్రంగా రుద్దాను. ఒకసారి రుద్దితే చాలు, వానాకాలంలో కర్ర మళ్లీ ఉబ్బినా ఇబ్బంది లేదు. మీ ఇంట్లో ఎయిర్ కూలర్ ఉంటే మాత్రం వాయిద్యాన్ని ఆ గదిలో స్టాండు మీద వదలొద్దు. కూలర్ తిరిగినంతసేపూ చెమ్మ, ఆపగానే పొడి. నెక్ ఎటూ స్థిరపడదు. నాది ఇప్పుడు బ్యాగులోనే, బీరువా పక్కన ఉంటుంది.

ఫ్రెట్ల లెక్క చూస్తే భయపడతారు గానీ సులువే. స్కేల్ పొడవుని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది. 34 అంగుళాలంటే 863.6 మిల్లీమీటర్లు, కాబట్టి 48.47. మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగించాలి, అలా చివరిదాకా. గుర్తులన్నీ నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే చిన్న ముక్క) నుంచే కొలవాలి, ఒక ఫ్రెట్ నుంచి ఇంకోదానికి కొలుచుకుంటూ పోతే తేడా పోగుపడుతుంది. పన్నెండోది సరిగ్గా సగంలో, 431.8 దగ్గర పడితే లెక్క కుదిరినట్టే. వీణకి మేళం కట్టేవాళ్లకి, అంటే మెట్లు అమర్చేవాళ్లకి, ఒక వెసులుబాటు ఉంది. మెట్లు మైనంలో కూర్చుంటాయి, శ్రుతి తేడా వస్తే మైనం కరిగించి జరుపుకోవచ్చు. ఇక్కడ రంపంతో గాడి ఒకసారి కోశామంటే ఆ మెట్టుకి జీవితాంతం అదే చోటు. ఈ బేస్‌లో పన్నెండో ఫ్రెట్ దాకా ట్యూనర్ ముల్లు తొణకదు. ఆపైన అన్నిటికన్నా సన్నటి జి తీగ మీద కాస్త హెచ్చుగా పలుకుతుంది, చర్చి పాటల్లో అంత పైకి వెళ్లే అవసరం ఎప్పుడో గానీ రాదు.

లోపాలకి వస్తే, జి తీగ మీద ఆరో ఫ్రెట్ దగ్గర స్వరం పట్టుమని నిలవదు. పక్క ఫ్రెట్ల మీద హాయిగా సాగే నాదం అక్కడ ఠక్కున పడిపోతుంది. కీబోర్డు వాయించే కుర్రాడు ఒకరోజు ప్రాక్టీసులో పట్టేశాడు: "అన్నా, ఆ ఒక్క నోటు ఏంది, ఊరికే చచ్చిపోతాది?" ఆ స్వరం నెక్ తనంతట తాను ఊగే వేగానికి దగ్గరగా ఉంది, తీగలో ఉన్న శక్తిని నెక్కే తాగేస్తోంది. స్క్రూలతో బిగించే నెక్ ఉన్న బేసుల్లో, కంపెనీవి అయినా సరే, జి తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఇది మామూలే. హెడ్‌స్టాక్‌కి (నెక్ చివర ట్యూనింగ్ కీలు ఉండే తలకి) ఒక చిన్న క్లాంపు తగిలిస్తే ఆ చోటు పక్కకి జరుగుతుంది, మొత్తానికి మాత్రం పోదు. నేను అదే స్వరాన్ని పక్కనున్న డి తీగ మీద పదకొండో ఫ్రెట్‌లో వాయిస్తాను.

రెండోది, తల బరువు. పట్టీ భుజానికి తగిలించి చెయ్యి వదిలితే హెడ్‌స్టాక్ మెల్లగా నేల చూస్తుంది. బాడీ పైకొమ్ము (పట్టీ తగిలించే కొస) పన్నెండో ఫ్రెట్ దాకా సాగితే ఇది చాలావరకు తగ్గుతుంది. నా బాడీ కొమ్ము అంత దూరం రాలేదు, దానికి తోడు కొన్నవి బరువైన ట్యూనింగ్ కీలు. తర్వాత తేలికవి వేశాను, పట్టీ లోపలివైపు గరుకు తోలున్నది మార్చాను. గంటన్నర ఆరాధన నిలబడి వాయించినా ఇప్పుడు ఎడమ భుజం ఫిర్యాదు చెయ్యదు.

కరెంటు మోత గురించి ఒక ముచ్చట. మన మెయిన్స్ 50 హెర్ట్జ్. లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో పలికే జి స్వరం 49. అంటే ఎర్తింగ్ సరిగా లేని హాలులో యాంప్ నుంచి వచ్చే గుయ్‌మనే మోత, కొంచెం శ్రుతి తప్పిన జి అన్నమాట. పాట జి స్కేల్లో ఉంటే పక్కన ఇంకెవరో తప్పుగా వాయిస్తున్నట్టే ఉంటుంది. స్ప్లిట్ కాయిల్ పికప్‌లో రెండు కాయిళ్లు ఒకదానికొకటి వ్యతిరేక దిశలో చుట్టి ఉంటాయి కాబట్టి ఆ మోత అక్కడే చాలావరకు కొట్టుకుపోతుంది. పికప్ గుంట లోపల రాగి రేకు అతికించి, బ్రిడ్జి కింద నుంచి ఎర్త్ వైరు లాగితే మిగిలింది కూడా తగ్గుతుంది.

పూతకి అవిసె నూనె వాడాను. ఏడాదికొకసారి గుడ్డతో తుడుస్తాను, నెక్ వెనక చేతికి అతుక్కోకుండా జారుతుంది. చెమట పట్టినా ఇబ్బంది లేదు. ఆ నూనె గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడెయ్యకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి పడెయ్యాలి.

డబ్బు మిగులుతుందని చేసేవాళ్లు ఆగండి. కర్ర, పికప్, బ్రిడ్జి, కీలు, ట్రస్ రాడ్, ఫ్రెట్ వైరు, తీగలు కలిపి నాకు 18,000 రూపాయలు దాటింది. పనిముట్లు ఇందులో కలపలేదు. ఆ డబ్బుకి షాపులో మొదటి తరగతి కాకపోయినా పనికొచ్చే బేస్ వస్తుంది.

ఇంతా చదివాక కూడా చేద్దామనుకునేవాళ్లకి నా సలహా: మొదటిసారి నెక్ కొనుక్కోండి, బాడీ చేసుకోండి. స్నేహితులకి చూపించుకునే ఆనందం బాడీలోనే ఉంది, ఎలాగూ వాళ్లు అడిగేది దాని కర్ర గురించే. లేదు, నెక్ కూడా నా చేత్తోనే చేస్తానంటే 30 అంగుళాల స్కేల్‌తో మొదలెట్టండి. అదే తీగలకి లాగుడు తగ్గుతుంది, తల బరువూ తగ్గుతుంది. పాత ద్వారబంధం కొన్నప్పుడు చిత్రిక పెట్టే ముందు ఒక అయస్కాంతం తీసుకుని నాలుగు వైపులా మెల్లగా జరపండి. తలలు విరిగిపోయి కర్రలో మిగిలిపోయిన మేకులు అలానే దొరుకుతాయి.