మొదటి మీటింగ్: ఓపెన్‌దా, క్లోజ్డ్‌దా?

తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని తమ అనుభవాలు చెప్పుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం 1935లో అమెరికాలో మొదలైంది. ఇప్పుడు మన ఊళ్లలోనూ ఆ మీటింగులు జరుగుతున్నాయి. అవి రెండు రకాలు.

ఓపెన్ మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు. భార్యో, అన్నో పక్కన కూర్చుని వినొచ్చు. ఒంటరిగా గుమ్మం దాటడానికి కాళ్లు ఆడనివాళ్లకి మొదటి రోజు ఇదే నయం.

క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉండి, మానాలన్న కోరిక ఉన్నవాళ్లకే. ఇంట్లోవాళ్ల ముందు నోరు పెగలనివి ఎన్నో ఉంటాయి కదా: తాకట్టు పెట్టిన గాజులు, పొద్దున్నే వణికే చేతులు, పిల్లల ముందు పడ్డ అవమానం. అవన్నీ ఇక్కడ చెప్పుకోవచ్చు, ఎదురుగా ఉన్నవాళ్లూ ఆ దారిలో నడిచొచ్చినవాళ్లే. అందుకే, ఒకటి రెండు ఓపెన్ మీటింగుల తర్వాత క్లోజ్డ్‌కి మారడమే మంచిదని నా గట్టి నమ్మకం.

రెండింటిలోనూ ఫీజు లేదు. పూర్తి పేరు చెప్పక్కర్లేదు, మాట్లాడకుండా కూర్చున్నా పర్వాలేదు. ఇంట్లోవాళ్లకి అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి.

వెళ్లేముందు ఫోన్ చేసి, ఏ రకం మీటింగో, తెలుగులో జరుగుతుందో లేదో కనుక్కోండి. డీ-అడిక్షన్ సాయానికి 14446 టోల్‌ఫ్రీ నంబర్ ఉంది.

ఒక్క జాగ్రత్త. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. వాళ్లు ముందు డాక్టర్‌ని కలవాలి, మీటింగ్ ఆ తర్వాతైనా సరే.