సీడీఎల్ ఇప్పించి ట్రక్ అప్పజెప్పే కంపెనీ: కొన్నేళ్ళు నడిపాక నా సమీక్ష

అమెరికాలో ట్రక్ నడపాలనుకునే కొత్తవాళ్ళకు కంపెనీయే ఫీజు పెట్టుకుని సీడీఎల్ (పెద్ద ట్రక్కులు నడిపే కమర్షియల్ లైసెన్సు) ఇప్పించి, ఆ తర్వాత ఉద్యోగం ఇచ్చే పద్ధతి చాలాకాలంగా ఉంది. నేను ఈ పనిలోకి వచ్చింది అలాంటి ఒక పెద్ద కంపెనీ ద్వారానే. ఒప్పందం గడువు అయిపోయాక కూడా కొన్నేళ్ళు అక్కడే నడిపాను. కాబట్టి ఇవి మొదటి నెల ఉత్సాహంలోనో, మొదటి చలికాలం విసుగులోనో రాస్తున్న మాటలు కావు. కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు. ఒకే కంపెనీలో ట్రక్కులు ఉంచే ఒక టెర్మినల్‌కీ ఇంకో టెర్మినల్‌కీ, లోడ్లు అప్పగించే ఒక డిస్పాచర్‌కీ ఇంకో డిస్పాచర్‌కీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంటుంది. పేరు చూసి చేరితే మోసపోవచ్చు. ఏం అడగాలో తెలుసుకుని చేరితే ఆ అవకాశం తక్కువ.

ఈ పని గురించి నన్ను అడిగేవాళ్ళందరూ మొదట అడిగేది "మైలుకు ఎన్ని సెంట్లు ఇస్తారు?" అనే. రిక్రూటర్‌ని మొదట అడగాల్సింది అది కాదని నా గట్టి అభిప్రాయం. "మీ ట్రైనర్‌కి డబ్బు ఎలా వస్తుంది?" అని అడగండి. సీడీఎల్ వచ్చాక కొన్ని వారాలు మనతోపాటు ట్రక్‌లో తిరుగుతూ నేర్పే మనిషే ట్రైనర్. మీ మొదటి నెలలు ఎలా ఉంటాయో చాలావరకు ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

ఎందుకంటే సీడీఎల్ చేతికొచ్చిన రోజున మనకు ట్రక్ నడపడం రాదు. పరీక్ష పాసవడం వస్తుంది, అంతే. ఫెడరల్ ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్త డ్రైవర్లకు ఈఎల్‌డీటీ అనే శిక్షణను తప్పనిసరి చేసింది. థియరీ పరీక్షలో 80 శాతం రావాలి. యార్డులోనూ రోడ్డు మీదా అన్నీ చేసి చూపించాలి. కానీ కనీసం ఇన్ని గంటలు స్టీరింగ్ పట్టుకోవాలన్న నిబంధన అందులో లేదు. ఇన్‌స్ట్రక్టర్ "వచ్చింది" అంటే వచ్చినట్టే. ఇంకో సంగతి, "మాది ఎఫ్ఎంసీఎస్ఏ రిజిస్ట్రీలో ఉన్న స్కూల్" అని గొప్పగా చెప్తారు. ఎఫ్ఎంసీఎస్ఏ అంటే ట్రక్కుల భద్రతను చూసే ఫెడరల్ సంస్థ. ఆ రిజిస్ట్రీలో చేరడానికి స్కూళ్ళు అర్హతలన్నీ ఉన్నాయని తమకు తామే ధ్రువీకరించుకుంటే చాలు. 2025 డిసెంబరులో దాదాపు 3 వేల స్కూళ్ళను జాబితా నుంచి తీసేస్తున్నట్టు ప్రభుత్వమే ప్రకటించిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. లిస్టులో పేరు ఉండాలి, నిజమే. దాన్ని నాణ్యతకు హామీ అనుకోకండి.

మా కంపెనీ స్కూల్ విషయంలో పెద్దగా వంక పెట్టను. లెర్నర్ పర్మిట్ వచ్చాక చట్ట ప్రకారం కనీసం 14 రోజులు ఆగితేగానీ స్కిల్స్ టెస్ట్ ఇవ్వరు. ఆ రోజుల్ని వాళ్ళు వృథా చేయలేదు. ప్రీ-ట్రిప్ ఇన్‌స్పెక్షన్‌ని బట్టీ పట్టించకుండా, ఒక్కో భాగం పాడైతే ఏమవుతుందో చూపించారు. ఎయిర్ బ్రేక్ పరీక్షలో బ్రేక్ తొక్కి పట్టుకున్నప్పుడు ట్రాక్టర్-ట్రైలర్‌లో గాలి నిమిషానికి 4 పీఎస్ఐ కన్నా ఎక్కువ తగ్గకూడదని అందరికీ నేర్పుతారు. అది ఎందుకో మా ఇన్‌స్ట్రక్టర్ ట్రక్ కిందికి దిగి, లీకయ్యే చోటు చేత్తో తడిమి మరీ చెప్పాడు. బ్యాకింగ్‌కి (బండిని రివర్స్‌లో పెట్టడానికి) మాత్రం ఒక్కో ట్రక్ దగ్గర చాలామంది విద్యార్థులు క్యూలో ఉండేవాళ్ళు. మీరు చూడబోయే స్కూల్లో ఒక ట్రక్‌కి ఎంతమంది విద్యార్థులో తప్పకుండా అడగండి. ఆటోమేటిక్ ట్రక్‌లో పరీక్ష ఇస్తే లైసెన్సు మీద "ఈ" రిస్ట్రిక్షన్ పడుతుంది, అంటే మాన్యువల్ గేరు బండి నడపకూడదు. ఇప్పటి పెద్ద కంపెనీల బండ్లు దాదాపు అన్నీ ఆటోమేటిక్‌లే కాబట్టి దాని గురించి టెన్షన్ పడనక్కర్లేదు.

అసలు కథ ట్రైనర్ ట్రక్ ఎక్కాక మొదలవుతుంది.

పర్మిట్ మీద ఉన్నంతకాలం సీడీఎల్ ఉన్న మనిషి మన పక్క సీట్లోనే కూర్చోవాలని చట్టం. సీడీఎల్ వచ్చిన మరుక్షణం ఆ నిబంధన పోతుంది. అక్కణ్ణుంచి ట్రైనర్ మెలకువగా ఉండాలా, క్యాబిన్ వెనక బంకులో (పడక మీద) పడుకోవచ్చా అనేది కంపెనీ ఇష్టం. ట్రక్ తిరిగిన మొత్తం మైళ్ళకు ట్రైనర్‌కి డబ్బు ఇచ్చే పద్ధతి ఉన్నచోట ఏం జరుగుతుందో ఊహించండి. చట్ట ప్రకారం ఒక మనిషి రోజుకు 11 గంటలే నడపగలడు, అదీ డ్యూటీ ఎక్కిన 14 గంటల లోపల. ఇద్దరుంటే బండి ఆగకుండా తిరుగుతుంది. ట్రైనీ రాత్రంతా హైవే మీద నేరుగా నడుపుతుంటే ట్రైనర్ నిద్రపోతూనే సంపాదిస్తాడు. పొద్దున సరుకు ఎక్కించి దించే ఇరుకైన డాక్‌లోకి రివర్స్ చేయాల్సి వస్తే టైమ్ అయిపోతోందని తనే స్టీరింగ్ తీసుకుని పెట్టేస్తాడు. అలా వారాలు గడిచాక ట్రైనీకి హైవే వస్తుంది, బ్యాకింగ్ రాదు. కొత్త డ్రైవర్ల చిన్న ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ట్రక్ స్టాపుల్లో, డాకుల దగ్గర, నడక వేగంలో.

మా కంపెనీలో మొదటి దశలో ట్రైనర్ పక్క సీట్లో ఉండి తీరాలన్న నియమం ఉండేది. ఆ దశలో అతనికి మైళ్ళతో సంబంధం లేకుండా రోజుకింత అని ఇచ్చేవాళ్ళు. నాకు దొరికిన ట్రైనర్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు గానీ, ప్రతి సాయంత్రం ట్రక్ స్టాప్‌లో ఖాళీ వరస వెతికి నాచేత బ్యాకింగ్ చేయించేవాడు. దిగి చూడమనేవాడు. మళ్ళీ చూడమనేవాడు. లోడు ఎక్కించాక స్కేల్ మీద తూకం చూసి ట్రైలర్ వెనక చక్రాల జతలైన టాండెమ్‌లు ముందుకో వెనక్కో జరపడం, డ్రైవ్ యాక్సిల్స్ (ట్రక్ వెనక ఇరుసులు) మీదా ట్రైలర్ యాక్సిల్స్ మీదా 34 వేల పౌండ్లు చొప్పున దాటకుండా, మొత్తం 80 వేలకు లోబడేలా సర్దడం అతని దగ్గరే నేర్చుకున్నాను. దిగుడు రోడ్డు మొదలవకముందే వేగం తగ్గించి, జేక్ బ్రేక్ (ఇంజిన్‌తోనే వేగం తగ్గించే బ్రేక్) మీద దిగడం కూడా. ఒరెగాన్‌లో ఐ-84 మీద క్యాబేజ్ హిల్ మొదటిసారి దిగినప్పుడు అతను పక్కన ఉండటం వల్లే నా చేతులు వణకలేదు. అదే బ్యాచ్‌లో ఇంకొకతనికి ట్రైనర్ అంటే బంకులో పడుకున్న మనిషే. ఇద్దరమూ ఒకే రోజు సోలో ట్రక్ తీసుకున్నాం, నేర్చుకున్నది మాత్రం ఒకటి కాదు.

కాబట్టి రిక్రూటర్‌ని ఇవి కూడా అడగండి. ట్రైనర్ కావడానికి ఎంత అనుభవం ఉండాలి? ట్రైనర్ నచ్చకపోతే మార్చమని అడగొచ్చా, అలా అడిగితే మైనస్ పడుతుందా? అతను సిగరెట్ తాగుతాడా? చివరిది చిన్న విషయంలా అనిపిస్తుంది. మంచం, వంట, ఆఫీసు అన్నీ ఆ కాస్త క్యాబిన్‌లోనే కాబట్టి అది చిన్న విషయం కాదు. ఆడవాళ్ళు ఎవరైనా చేరుతుంటే మహిళా ట్రైనర్ దొరికేవరకు ఎన్నాళ్ళు ఆగాలో, ఆ నిరీక్షణ కాలంలో జీతం ఉంటుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. నేను ట్రైనర్ కోసం హోటల్లో ఎదురుచూసిన రోజులకు పైసా ఇవ్వలేదు. అది ఇప్పటికీ అన్యాయమనే అంటాను.

తర్వాత ఒప్పందం. "ఫ్రీ ట్రైనింగ్" అన్న మాటకు అర్థం ఏమిటంటే, సాధారణంగా ఏడాదిపాటు వాళ్ళ దగ్గరే పనిచేస్తే ఫీజు మాఫీ, మధ్యలో మానేస్తే కొన్ని వేల డాలర్లు కట్టాలి. సంతకం పెట్టే ముందు మూడు వాక్యాలు వెతకండి. మానేసినప్పుడు కట్టాల్సింది పనిచేసిన నెలల్ని బట్టి తగ్గుతుందా, చివరి రోజు దాకా మొత్తమూ అలాగే ఉంటుందా? కంపెనీయే తీసేస్తే కూడా కట్టాలా? వడ్డీ ఉందా? నా ఒప్పందంలో నెలనెలా తగ్గేది, కంపెనీ తీసేసినా బాకీ మాత్రం ఉండేది. ఈ రెండో షరతు నాకు నచ్చలేదు. ఒరియెంటేషన్ గదిలో అందరిముందు సంతకం పెట్టమంటారు. కాగితాలు ముందుగా ఈమెయిల్‌లో పంపమని అడిగితే పంపే కంపెనీ మంచిది. పంపడానికి వెనకాడితే అక్కడే ఆగిపోండి.

ఏ పరిస్థితిలో మానేసినా ట్రక్‌ని దారిలో వదిలేయకండి. టెర్మినల్‌కి తెచ్చి అప్పగించి, ఫోటోలు తీసుకుని, రసీదు తీసుకోండి. వదిలేస్తే డ్రైవర్ల ఉద్యోగ చరిత్ర ఉండే డ్యాక్ రిపోర్టులో "అబాండన్‌మెంట్" అని రాస్తారు. తర్వాత ఏ కంపెనీకి వెళ్ళినా అది ముందు కనిపిస్తుంది. తప్పుగా రాస్తే సవాలు చేసే హక్కు మీకు ఉంది, కానీ ఉద్యోగం వెతుక్కునే సమయంలో ఆ తలనొప్పి ఎవరికీ వద్దు.

జీతం గురించి. మైలు రేటు కన్నా వారానికి వచ్చే మైళ్ళు ముఖ్యం. ఏ మైళ్ళకు ఇస్తారో కూడా చూడాలి. "హౌస్‌హోల్డ్ గూడ్స్" లెక్కన, అంటే ఊరికీ ఊరికీ మధ్య దూరాల పట్టిక ప్రకారం ఇస్తే, బండి నిజంగా తిరిగినదానికన్నా సాధారణంగా తక్కువే లెక్కలోకి వస్తుంది. డాక్ దగ్గర గంటలకొద్దీ కూర్చోబెడితే ఇచ్చే డిటెన్షన్ డబ్బు మా కంపెనీలో కాగితం మీద ఉండేది. అడిగి అడిగి తెచ్చుకోవాల్సి వచ్చేది. ఓవర్‌టైమ్ ఊసే ఉండదు. 1938 నాటి ఫెడరల్ కార్మిక చట్టంలోనే రాష్ట్రాల మధ్య నడిపే డ్రైవర్లకు అది వర్తించకుండా మినహాయింపు పెట్టారు. మొదటి ఏడాది డబ్బు కోసం కాదు, క్లీన్ రికార్డు కోసం అనుకుని దిగితే నిరాశ తగ్గుతుంది.

నేను అక్కడ అన్నేళ్ళు ఉండటానికి కారణం జీతం కాదు, డిస్పాచర్. వయోమింగ్‌లో ఐ-80 మీద, ఎల్క్ మౌంటెన్ వైపు, ఖాళీ ట్రైలర్‌ని గాలి పడగొట్టగలదు. ఒక శీతాకాలం లారమీలో ఆగి, ఖాళీ ట్రైలర్‌తో ఈ గాలిలో కదలనని మెసేజ్ పెట్టాను. "నడిపేది నువ్వు, నిర్ణయం నీది" అని ఒక్క వాక్యం జవాబొచ్చింది. లోడు ఇంకొకరికి మార్చారు, నా మీద ఏ మచ్చా పడలేదు. అలా కాకుండా ఒత్తిడి పెట్టే చోట ఉంటే మీకు చట్టం అండ ఉందని తెలుసుకోండి. గంటల నియమాలు మీరి నడపమని బలవంతపెడితే ఎఫ్ఎంసీఎస్ఏకి 90 రోజుల్లోగా ఫిర్యాదు చేయొచ్చు. ప్రమాదకరమైన పరిస్థితిలో నడపననందుకు శిక్షిస్తే ఓషాకి (కార్మికుల భద్రతను చూసే ఫెడరల్ సంస్థ) 180 రోజుల్లోగా. ఆ మెసేజ్‌లు, లాగ్‌లు తుడిచేయకుండా దాచుకోండి.

హోమ్ టైమ్‌లో మా కంపెనీ మాట తప్పేది. వారం బయట ఉంటే ఒక రోజు ఇంటి దగ్గర అని చెప్పారు. ఆ రోజులు ఇచ్చేవాళ్ళు గానీ, అడిగిన తేదీకి కాదు. ఉగాదికి ఇల్లు చేరతానని చెప్పి చేరలేకపోతే ఇంట్లోవాళ్ళకు సమాధానం చెప్పుకోవాల్సింది మనమే. ట్రక్కులు మాత్రం బాగుండేవి, ఏపీయూ (విడిగా పనిచేసే చిన్న పవర్ యూనిట్) ఉండటంతో ఇంజిన్ ఆపేసినా ఏసీ నడిచేది. ఆగస్టులో టెక్సస్‌లో పడుకున్నవాళ్ళకు దీని విలువ తెలుస్తుంది.

లీజ్-పర్చేజ్ (కంపెనీ నుంచి ట్రక్‌ని వాయిదాల మీద తీసుకోవడం) గురించి ఒక్కటే చెప్తాను: వద్దు. సోలోగా నాలుగు రోజులు నడపగానే "నీ సొంత ట్రక్, నువ్వే యజమానివి" అంటూ కాగితాలు తెస్తారు. బండి వాయిదా, డీజిల్, మరమ్మతులు మన నెత్తిన, లోడు ఇచ్చేది మాత్రం వాళ్ళే. లోడ్లు తగ్గిన వారం కూడా వాయిదా ఆగదు. ఈ పథకాల్ని పరిశీలించడానికి వేసిన ఫెడరల్ టాస్క్ ఫోర్స్ 2025 జనవరిలో వీటిని నిషేధించాలనే సిఫార్సు చేసింది. కొత్త డ్రైవర్లకు లీజును పదేపదే అంటగట్టే కంపెనీ, మిగతావన్నీ బాగున్నా, నా లెక్కలో మంచి కంపెనీ కాదు.

దరఖాస్తు పెట్టే ముందు ఎఫ్ఎంసీఎస్ఏ సైట్లో కంపెనీ డాట్ నంబరు (రవాణా శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య) కొట్టి, తనిఖీల్లో ఎన్ని బండ్లను, ఎంతమంది డ్రైవర్లను "అవుట్ ఆఫ్ సర్వీస్" (నడపకుండా ఆపేయడం) పెట్టారో, ఆ శాతం జాతీయ సగటుకన్నా ఎక్కువో తక్కువో చూడండి. పక్కనే సగటు కూడా ఇస్తారు. తర్వాత ఆ కంపెనీ బండ్లు ఆగే ట్రక్ స్టాప్‌కి వెళ్ళి డ్రైవర్లతో మాట్లాడండి. చేరి ఏడాది కూడా కాని డ్రైవర్ చెప్పే మాటలు రిక్రూటర్ చెప్పేవాటికన్నా ఎక్కువ పనికొస్తాయి.

మన వాళ్ళు ముందుగా తేల్చుకోవాల్సినవి ఇంకో రెండు. రాష్ట్రం దాటి నడపాలంటే 21 ఏళ్ళు నిండాలి. గ్రీన్ కార్డు గానీ పౌరసత్వం గానీ లేనివాళ్ళకు ఇచ్చే నాన్-డొమిసైల్డ్ సీడీఎల్ నియమాల్ని 2025 సెప్టెంబరు నుంచి ప్రభుత్వం కఠినం చేస్తూ వస్తోంది. కాబట్టి వర్క్ పర్మిట్ ఉంది కదా అని ఫీజు కట్టేయకండి, ముందు మీ రాష్ట్రంలో లైసెన్సులిచ్చే డీఎంవీలో కనుక్కోండి. ఇంగ్లిష్ విషయంలోనూ 2025 జూన్ చివరి నుంచి రోడ్డు మీదే పట్టింపు పెరిగింది. అధికారి అడిగినదానికి జవాబు చెప్పలేకపోతే బండి అక్కడే ఆపేయిస్తారు.

ఇంట్లో పసిపిల్లలున్నవాళ్ళకు, రాత్రికి ఇంటికి రావాలనుకునేవాళ్ళకు నేను వెళ్ళిన దారి సూచించను. వాళ్ళు కమ్యూనిటీ కాలేజీలో సీడీఎల్ కోర్సు చూసుకోవచ్చు. అర్హత ఉంటే డబ్ల్యూఐఓఏ (ఉద్యోగ శిక్షణకు ఇచ్చే ఫెడరల్ సాయం) నిధుల నుంచి ఫీజు వచ్చే అవకాశం ఉంది, అప్పుడు ఏ కంపెనీకీ బాకీ ఉండరు. లేదా చాలామంది చిన్న లోడ్లను ఒకే ట్రైలర్‌లో కలిపి తీసుకెళ్ళే ఓల్డ్ డొమినియన్, సయా లాంటి ఎల్‌టీఎల్ కంపెనీల్లో డాక్ మీద పనికి చేరి, అక్కడే డ్రైవర్ శిక్షణకు అడగొచ్చు. అన్ని టెర్మినళ్ళలో అన్నివేళలా అవకాశం ఉండదు, కొన్నాళ్ళు ఫోర్క్‌లిఫ్ట్ నడపాల్సి రావచ్చు, సీనియారిటీ లేనన్నాళ్ళు రాత్రి షిఫ్టులే పడొచ్చు. కానీ అక్కడ సిటీ రూట్లు నడిపేవాళ్ళు రోజూ ఇంట్లోనే పడుకుంటారు. మీ ఊళ్ళో అలాంటి టెర్మినల్ ఉంటే, ఓటీఆర్ (దూరప్రాంతాలకు నడిపే) కంపెనీకి సంతకం పెట్టకముందే ఒకసారి లోపలికి వెళ్ళి అడిగి రండి.