ఈపీఏ హరికేన్ చెక్‌లిస్టు: చిన్న నీటి డిస్ట్రిక్టుకు ఎంతవరకు పనికొస్తుంది?

హ్యూస్టన్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఉండే కాలనీల్లో చాలావాటికి నీళ్లిచ్చేది నగరం కాదు, మడ్ అని పిలిచే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్టు. పైన ఎన్నికైన ఐదుగురు డైరెక్టర్లు ఉంటారు. బోర్లు, పంపులు నడిపే పని చాలాచోట్ల కాంట్రాక్టు మీద ఒక ఆపరేటర్ కంపెనీ చూస్తుంది. ఇలాంటి డిస్ట్రిక్టులతో సహా నీటి, మురుగునీటి సంస్థలన్నిటి కోసం అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ హరికేన్ చెక్‌లిస్టు ఒకటి తయారుచేసింది. ఉచితం. డౌన్‌లోడ్ చేసుకుని కంప్యూటర్లోనే నింపుకోవచ్చు, ప్రింటు తీసి ట్రక్కులో పడేసుకోవచ్చు. బోర్డులో ఉన్నవాళ్లూ ఆపరేటర్లుగా పనిచేస్తున్నవాళ్లూ హరికేన్ సీజన్ మొదలయ్యే జూన్ 1 లోపు దీన్ని ఒకసారి పూర్తిగా నింపాలి. ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వదగ్గ పత్రం. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో తెలుసుకోకుండా వాడితే మాత్రం తుఫాను రాత్రి చేతులెత్తేయాల్సి వస్తుంది.

ఇందులో మూడు భాగాలున్నాయి: ముందు చేసుకోవాల్సినవి, తుఫాను సమయంలో చేయాల్సినవి, తర్వాత కోలుకోవడానికి చేయాల్సినవి. ఒక్కో పనికి ఒక్కో గడి, పక్కనే టిక్కు పెట్టే చోటు, చివర ఫోన్ నంబర్లు రాసుకునే పేజీ. ఉపన్యాసాలు లేవు, పనులే ఉన్నాయి. అలసిపోయి నిద్రలేని మనిషి టార్చిలైటు వెలుగులో చదవగలిగేలా ఉండటమే దీని పెద్ద బలం.

బలహీనత కరెంటు దగ్గర. జనరేటర్ కనెక్షన్ ఏ రకమో, ఎంత లోడో, గంటకు ఎంత డీజిల్ తాగుతుందో నిర్ధారించుకుని రాసుకోండి అని చెక్‌లిస్టు ఒకే ముక్కలో చెప్పేస్తుంది. నిజానికి ఆ ఒక్క ముక్క వెనుక ఒక ఎలక్ట్రీషియన్‌కు ఒక రోజంతా పట్టే పని ఉంది.

నీటి ప్రెషర్ పెంచే బూస్టర్ స్టేషన్‌నే ఒకటి చూద్దాం. 480 వోల్టులు, మూడు ఫేజులు, 50 హార్స్‌పవర్ పంపులు రెండు. ఒక్కో మోటారు నడుస్తున్నప్పుడు తీసుకునేది సుమారు 65 ఆంపియర్లు. స్టార్టర్ నేరుగా ఆన్ అయ్యే రకమైతే మొదలయ్యే క్షణంలో దాదాపు ఆరు రెట్లు, అంటే 390 ఆంపియర్ల దాకా లాగుతుంది. 100 కిలోవాట్ల జనరేటర్ అదే వోల్టేజి దగ్గర నిలకడగా ఇవ్వగలిగేది సుమారు 150 ఆంపియర్లే. కాగితం మీద రెండు పంపుల లెక్కా సరిపోయినట్టే కనిపిస్తుంది. తీరా ఆన్ చేస్తే వోల్టేజి కుంగి, మోటారుకు కరెంటు కలిపే స్విచ్ (కాంటాక్టర్) విడిపోతుంది, పంపు ట్రిప్ అవుతుంది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే. మోటారును మెల్లగా మొదలుపెట్టే సాఫ్ట్ స్టార్టరో, దాని వేగాన్ని మార్చే వీఎఫ్‌డీయో ఉంటే ఈ ఇబ్బంది చాలా తగ్గుతుంది. లేకపోతే పెద్ద జనరేటర్ కావాలి, పంపుల్ని ఒకదాని తర్వాత ఒకటిగా ఆన్ చేయాలి. చెక్‌లిస్టులో "లోడ్" అన్న గడిలో నడిచేటప్పటి ఆంపియర్లే కాకుండా స్టార్టర్ రకం కూడా రాయండి.

ఇక కనెక్షన్. అద్దె జనరేటర్ అర్ధరాత్రి ట్రైలర్ మీద వస్తే, దాన్ని కలపడానికి గోడకు క్యామ్‌లాక్ (తోసి తిప్పితే బిగిసే) సాకెట్ల పెట్టె ఉందా? ఉంటే అమెరికాలో 480 వోల్టులకు సాధారణంగా గోధుమ, నారింజ, పసుపు రంగులు మూడు ఫేజులకు, ఆకుపచ్చ ఎర్త్‌కు. పెట్టె లేకపోతే ఎలక్ట్రీషియన్ వచ్చి ప్యానెల్ విప్పి కేబుల్స్ బిగించాలి. ఊరంతా కరెంటు లేని రోజున ఎలక్ట్రీషియన్ దొరకడమే గగనం. ఊరి లైన్లను విడదీసి జనరేటర్‌కు మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ లేకుండా కలిపితే కరెంటు వెనక్కి లైన్లలోకి పారి, లైను బాగుచేసే మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. ఇందులో రాజీ వద్దు. ఫేజుల వరస తారుమారైతే పంపు రివర్స్ తిరుగుతుంది. శబ్దం వస్తుంది, ప్రెషర్ మాత్రం అందదు. ఫేజ్ రొటేషన్ మీటరు పెట్టి చూసి, జనరేటర్ ఆపాక ఏవైనా రెండు ఫేజు కేబుల్స్ మార్చితే చాలు. వాతావరణం బాగున్న రోజున ఒకసారి కలిపి చూసి, సరైన వరస ప్యానెల్ తలుపు లోపల చెరగని ఇంకుతో రాసి పెట్టుకోవాలి.

డీజిల్ లెక్క సులువు. 100 కిలోవాట్ల జనరేటర్ పూర్తి లోడు మీద గంటకు సుమారు 7 గ్యాలన్లు తాగుతుంది. మూడు రోజులకు 500 గ్యాలన్లు. ట్యాంకు ఒక్క రోజుకే సరిపోయేదైతే, మిగతా రెండు రోజుల డీజిల్ ఎవరు, ఏ రోడ్డు మీదుగా తెస్తారో కాంట్రాక్టులో ఉండాలి. సొంత జనరేటర్‌ను నెలకోసారి కనీసం 30 శాతం లోడు మీద అరగంట నడపాలి. ఖాళీగా నడిపితే కాలని డీజిల్ పొగగొట్టంలో జిడ్డుగా పేరుకుంటుంది. అసలు రోజున స్టార్ట్ కాకపోవడానికి తరచూ కనిపించే కారణం చచ్చిపోయిన బ్యాటరీ.

వివరాలన్నీ నింపాక వాటిని ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వారి ఈపీఫ్యాట్ (EPFAT)లో కూడా నమోదు చేయండి. జనరేటర్ ఎంతది కావాలో, ఎలా కలపాలో ముందే చెప్పి ఉంచే ఆన్‌లైన్ సాధనం ఇది. ప్రభుత్వ జనరేటర్లు వచ్చినప్పుడు కొలతలు తీసుకోవడానికి మనుషులు ప్రత్యేకంగా రావాల్సిన ఆలస్యం తగ్గుతుంది.

తుఫానుకు ముందు ట్యాంకులన్నీ నిండుగా నింపుకోమంటుంది చెక్‌లిస్టు. మంచి సలహాయే. ఖాళీ ట్యాంకు గాలికి నిలవదు, వరదనీళ్లలో తేలిపోగలదు కూడా. కానీ ఇక్కడ ఒక తేడా చెప్పకుండా వదిలేసింది. నీళ్లు 2.31 అడుగుల ఎత్తుంటే 1 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) ప్రెషర్. 120 అడుగుల ఓవర్‌హెడ్ ట్యాంకు కరెంటు లేకపోయినా 50 పీఎస్ఐ పైచిలుకు ఇస్తుంది. నేల మీది ట్యాంకుతో, గాలి నింపిన ప్రెషర్ ట్యాంకుతో నడిచే డిస్ట్రిక్టుకు ఆ వెసులుబాటు లేదు. బూస్టర్ ఆగిన కొద్దిసేపటికే ప్రెషర్ పడిపోతుంది, నేల ట్యాంకులో లక్షల గ్యాలన్లు ఉన్నా కుళాయిలోకి రావు. టెక్సస్‌లో ప్రెషర్ 20 పీఎస్ఐ కంటే తగ్గితే నీళ్లు మరిగించి తాగమని నోటీసు ఇవ్వాల్సిందే. రాష్ట్ర చట్టం ప్రకారం 24 గంటలు మించి కరెంటు పోయినా కనీస ప్రెషర్ నిలబెట్టే ప్రణాళిక డిస్ట్రిక్టు దగ్గర ఉండాలి. పలు చోట్లకు పనికొచ్చే ట్రైలర్ జనరేటర్, దాన్ని త్వరగా కలిపే క్విక్ కనెక్ట్ పెట్టెలు ఆ చట్టం ఒప్పుకున్న మార్గాల్లో ఒకటి.

ఆ ట్రైలర్ జనరేటర్ గురించి బోర్డు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆపరేటర్ కంపెనీ చేతిలో చాలా డిస్ట్రిక్టులు ఉంటాయి. "మా దగ్గర జనరేటర్ ఉంది" అన్న ఒకే మాట ఎన్ని బోర్డులకు ఇచ్చారు? తుఫాను వస్తే అన్నిచోట్లా ఒకే రాత్రి కరెంటు పోతుంది. నంబరు ప్లేటుతో సహా ఏ జనరేటర్ మనదో కాగితం మీద ఉండాలి. మురుగునీటిని పైకి తోడే లిఫ్ట్ స్టేషన్లకూ ఇదే వర్తిస్తుంది. నీళ్లు ఇచ్చి లిఫ్ట్ స్టేషన్ నడపకపోతే మురుగు మ్యాన్‌హోళ్లలోంచి వీధిలోకి పొంగుతుంది.

ప్రత్యామ్నాయ నీటి వనరు గడి దగ్గర టిక్కు పెట్టేముందు ఆగండి. 2017లో హార్వీ హరికేన్ వరదకు టెక్సస్‌లోని బోమాంట్ నగరం నెచెస్ నది పంప్ స్టేషన్‌నూ, హార్డిన్ కౌంటీలోని రెండో వనరునూ కలిపి పోగొట్టుకుంది. 2024లో హెలీన్ హరికేన్ వరదకు నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో నార్త్ ఫోర్క్ జలాశయం నుంచి వచ్చే పెద్ద పైపులతోపాటు, అవి పోతే ఆదుకోవాలని వేసిన బైపాస్ పైపు కూడా కొట్టుకుపోయింది. తాగదగ్గ నీళ్లు తిరిగి రావడానికి 53 రోజులు పట్టింది. రెండో వనరు అదే వరద దారిలో ఉంటే అది రెండోది కాదు.

క్లోరిన్ విషయంలో చెక్‌లిస్టు నిల్వ పెంచుకోమంటుంది. 12.5 శాతం ద్రావణం ఎండకు నెలల్లోనే బలం కోల్పోతుంది కాబట్టి పాత డ్రమ్ముల్ని నమ్మకుండా బలం పరీక్షించాలి. 10 లక్షల గ్యాలన్లకు లీటరుకు 2 మి.గ్రా. చొప్పున కలపాలంటే తాజా ద్రావణం సుమారు 16 గ్యాలన్లు కావాలి. మూడు వారాల వాడకం దగ్గర పెట్టుకుంటే చాలు.

ఇరుగుపొరుగు డిస్ట్రిక్టుల సాయానికి టెక్సస్‌లో టెక్స్‌వార్న్, ఫ్లోరిడాలో ఫ్లావార్న్ అనే పరస్పర సాయ బృందాలు ఉన్నాయి. ఒప్పందం మీద ముందే సంతకం పెట్టాలి. సాయం చేసి తీరాలన్న నిబంధన ఎవరి మీదా లేదు, కాబట్టి దీన్ని జనరేటర్‌కు బదులుగా లెక్కలో వేసుకోకూడదు.

చివరి భాగంలో ఫొటోలు తీయండి, ఖర్చులు రాయండి అని ఉంది. కేంద్ర విపత్తు సహాయ సంస్థ ఫెమా సొమ్ము రావాలంటే ఇంకాస్త కావాలి. ఎవరు ఏ రోజు ఏ స్టేషన్‌లో ఎన్ని గంటలు ఏ పని చేశారో, ఏ యంత్రం ఎన్ని గంటలు నడిచిందో విడివిడిగా ఉండాలి. ఖర్చు మీద ఇంత శాతం లాభం అని రాసుకున్న కాంట్రాక్టును ఫెడరల్ నిబంధనలు ఒప్పుకోవు. గంటల లెక్కన చెల్లించే కాంట్రాక్టుకు గరిష్ఠ పరిమితి రాసి ఉండాలి. మీ డీజిల్, జనరేటర్ అద్దె కాంట్రాక్టుల్లో ఈ రెండూ ఎలా ఉన్నాయో మే నెల బోర్డు సమావేశంలోనే లాయర్‌తో చూపించుకోండి.